ఇంట్లో మనిషిని పోలీసులు తీసుకెళ్తే ఏం చేయాలి, ఎలా చేయాలి

రాత్రి పదకొండింటికి ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చి "ఎస్సై సారు పిలుస్తుండు, ఒక్కసారి వచ్చి పో" అని మీ తమ్ముణ్ణి తీసుకెళ్లారనుకోండి. మన వరంగల్‌లో చాలా ఇళ్లల్లో మొదట జరిగే పని కార్పొరేటర్‌కో, తెలిసిన లీడర్‌కో ఫోన్ చేయడం. ఆయన "పొద్దున మాట్లాడతా, టెన్షన్ పడకండి" అంటాడు. ఇంటిల్లిపాదీ స్టేషన్ బయట చెట్టు కింద కూర్చుంటారు. తెల్లారుతుంది, మధ్యాహ్నం అవుతుంది. ఈలోపు లోపల కాగితాలు తయారవుతాయి, సంతకాలు అయిపోతాయి. ఆ గంటల్లో పోయినదాన్ని తర్వాత ఎంత పెద్ద వకీలు కూడా పూర్తిగా వెనక్కి తేలేడు.

అందుకే నేను గట్టిగా చెప్పే మాట ఒకటే. ప్రతి అడుగూ కాగితం మీదికి వచ్చేలా చూడండి, ప్రతిదానికీ టైము రాసుకోండి. అరెస్టయిన మనిషికి మన చట్టం ఇచ్చిన రక్షణల్లో ఎక్కువ భాగం గంటల లెక్క మీద, రాతలో ఉన్న కాగితాల మీద నిలబడ్డవే. కేసు నిజమా అబద్ధమా అన్నది వేరే సంగతి. నిజంగా తప్పు చేసినవాడికి కూడా ఈ హక్కులన్నీ ఉంటాయి.

ఇంకో సంగతి. 2024 జులై 1 నుంచి, అరెస్టు, బెయిల్, విచారణ ఎలా జరగాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీ పోయి భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది. కోర్టుల్లో బీఎన్ఎస్ఎస్ అంటున్నారు. స్టేషన్‌కు హాజరు కమ్మని పోలీసులు ఇచ్చే, అందరి నోళ్లలో నలిగిన "41ఏ నోటీసు" ఇప్పుడు సెక్షన్ 35(3) నోటీసు. స్టేషన్లో ఇప్పటికీ పాత పేరుతోనే పిలుస్తుంటారు, కంగారు పడకండి.

స్టేషన్ నుంచి ఫోన్ వస్తే

ఫోన్ చేసింది ఎవరు, ఏ స్టేషన్, ఏ కేసులో పిలుస్తున్నారు, సాక్షిగానా నిందితుడిగానా అని అడగండి. మర్యాదగానే అడగండి: "సార్, తప్పకుండా వస్తాం. నోటీసు ఇస్తే దాని ప్రకారం వస్తాం." ఇందులో ఎదురు మాట్లాడినట్టు ఏమీ లేదు. ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టు అవసరం లేదనుకుంటే పోలీసులు నోటీసు ఇచ్చి పిలవాలి. అరెస్టే చేయాలనుకుంటే ఎందుకు అవసరమో కారణాలు రాసిపెట్టుకోవాలి. 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని చాలా గట్టిగా చెప్పింది. భార్యాభర్తల కేసులు, చిన్న కొట్లాటలు, చాలా రకాల చీటింగ్ కేసులు ఈ ఏడేళ్ల లోపలే వస్తాయి. ఈ నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అలాగని వాట్సాప్‌లో వస్తే పట్టించుకోకుండా ఊరుకోకండి. స్క్రీన్‌షాట్ తీసి వకీలుకు చూపించండి.

నోటీసు అందాక చెప్పిన తేదీకి, చెప్పిన టైముకు వెళ్లాల్సిందే. వెళ్లి సహకరిస్తున్నంతకాలం ఆ కేసులో అరెస్టు చేయకూడదు, చేస్తే కారణం రాయాలి. వెళ్లకపోతే మాత్రం అరెస్టుకు మీరే దారి ఇచ్చినట్టు. వెళ్లినప్పుడల్లా హాజరైనట్టు ఏదో ఒక రాత తెచ్చుకోండి. ఇవ్వకపోతే నోటీసు వెనకాలే మీరు వెళ్లిన టైము, బయటికొచ్చిన టైము, మాట్లాడిన అధికారి పేరు రాసి దాచుకోండి.

సాక్షిగా పిలిస్తే ఇంకో రక్షణ ఉంది. ఆడవాళ్లను, 15 ఏళ్లలోపు మగపిల్లలను, 60 దాటిన మగవాళ్లను, వికలాంగులను, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్లను స్టేషన్‌కు రమ్మని బలవంతం చేయకూడదు. పోలీసులే ఇంటికొచ్చి అడగాలి. అవ్వనో, అక్కనో రాత్రిపూట స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టడం మన దగ్గర మామూలైపోయింది. అది మామూలు కావాల్సిన విషయం కాదు.

నాన్ బెయిలబుల్ కేసు, అంటే బెయిల్ హక్కుగా రాని కేసు పెడతారని ముందే గట్టి అనుమానం ఉంటే సెషన్స్ కోర్టులో గానీ, హైదరాబాద్‌లోని హైకోర్టులో గానీ సెక్షన్ 482 కింద ముందస్తు బెయిల్ అడగొచ్చు. ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ కేసులకు చట్టమే ఈ దారి మూసేసింది. ఆ కేసుల్లో ఏం చేయాలో వకీలుతో విడిగా మాట్లాడుకోండి.

ఇంటికొచ్చి పట్టుకుపోతుంటే

అడ్డం పడకండి, తోపులాటకు దిగకండి. విధులకు ఆటంకం కలిగించారని ఇంకో కేసు తయారవుతుంది. అడగాల్సినవి మాత్రం అడగండి. అరెస్టు చేసే అధికారికి పేరు స్పష్టంగా కనిపించే బ్యాడ్జి ఉండాలి. మఫ్టీలో వస్తే పేరు, స్టేషన్ అడిగి, బండి నంబరు రాసుకోండి. ఏ కారణంతో అరెస్టు చేస్తున్నారో చెప్పాలి. ఇది రాజ్యాంగంలోని 22వ అధికరణం ఇచ్చిన హక్కు, ఎస్సై దయ కాదు. 2025 నవంబరులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. ఆ కారణాలను రాతలో, ఆ మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని, అక్కడికక్కడ వీలుకాక నోటితో చెప్పినా రిమాండ్‌కు (కస్టడీకి పంపమని మేజిస్ట్రేట్ ముందుంచడానికి) కనీసం రెండు గంటల ముందు రాత కాగితం చేతికి అందాలని చెప్పింది. ములుగు, భూపాలపల్లి, ఆదిలాబాద్ వైపు కోయ, గోండి తప్ప వేరే భాష సరిగా రానివాళ్లకు ఈ తీర్పు ఎంత అవసరమో అక్కడి కోర్టుల్లో నిలబడ్డవాళ్లకు తెలుసు.

అన్నిటికన్నా ముఖ్యమైన కాగితం అరెస్టు మెమో. అరెస్టు చేసిన చోట, ఆ సమయానికే తయారు కావాలి. కుటుంబసభ్యుడో, ఆ వాడకట్టులో నలుగురికి తెలిసిన మనిషో సాక్షిగా సంతకం చేయాలి. అరెస్టయినవాళ్లు కూడా సంతకం పెట్టాలి. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు పెట్టిన నియమం ఇది, ఇప్పుడు చట్టంలోనే సెక్షన్ 36గా ఉంది. మెమో మీ ముందుకొచ్చినప్పుడు మీ కళ్లు ముందు తేదీ, టైము గడి మీదికి పోవాలి. రాత్రి 11 గంటలకు తీసుకెళ్లి, మర్నాడు సాయంత్రం 5 గంటలకు అరెస్టు చేసినట్టు రాసి సంతకం పెట్టమంటే, మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాల్సిన 24 గంటల లెక్కలో పెట్టినవాళ్లు 18 గంటలు పోగొట్టుకున్నట్టే. అలాంటప్పుడు మీ సంతకం కిందే మీ చేతిరాతతో "రాత్రి 11.10కి ఇంటి నుంచి తీసుకెళ్లారు" అని ఒక్క ముక్క రాయండి. రాయనివ్వకపోతే సంతకం పెట్టకండి, ఆ సంగతి వకీలుకు చెప్పండి.

ఆడవాళ్ల విషయంలో నియమం ఇంకా కఠినం. చాలా అరుదైన పరిస్థితుల్లో తప్ప పొద్దుగూకాక, పొద్దుపొడవకముందు అరెస్టు చేయకూడదు. అలా చేయాల్సివస్తే మహిళా పోలీసు అధికారి రాతపూర్వకంగా కారణం చూపి, మేజిస్ట్రేట్ అనుమతి ముందే తీసుకోవాలి. ఒంటి మీద సోదా మహిళే చేయాలి. మూడేళ్లలోపు శిక్ష పడే కేసుల్లో 60 దాటినవాళ్లను, బాగా నలతగా ఉన్నవాళ్లను డీఎస్పీ స్థాయి అధికారి అనుమతి లేకుండా అరెస్టు చేయకూడదు. మన కమిషనరేట్‌లో అంటే ఏసీపీ. 18 ఏళ్లలోపు పిల్లలను లాకప్‌లోనూ జైల్లోనూ పెట్టడానికి అసలే వీల్లేదు, జువైనల్ జస్టిస్ బోర్డు ముందుకు తీసుకెళ్లాలి. ఆధార్ కార్డో, స్కూల్ బోనఫైడో వెంటనే చూపించండి. బేడీల సంగతి కూడా చెప్పాలి. హత్య, అత్యాచారం, మత్తుమందులు, అక్రమ ఆయుధాల వంటి పెద్ద కేసుల్లో, పదే పదే నేరం చేసినవాళ్లకు వేయడానికి కొత్త చట్టం అనుమతిస్తుంది. వాడకట్టు కొట్లాట కేసులో బేడీలేసి బజార్లో నడిపించడం దాని కిందికి రాదు.

ఇల్లు సోదా చేస్తే మొత్తం వీడియో తీయాలని సెక్షన్ 105 చెబుతోంది. తీసుకెళ్లిన ప్రతి వస్తువూ జాబితాలో ఎక్కాలి. ఫోన్, బండి, నగదు ఉంటే విడివిడిగా రాయించుకొని జాబితా కాపీ అడగండి.

మొదటి గంటలో ఇంట్లోవాళ్ల పని

ఒకరు స్టేషన్‌కు వెళ్లండి, ఒకరు ఇంటి దగ్గర ఫోన్ల మీద ఉండండి. పదిమంది కట్టకట్టుకొని స్టేషన్‌కు పోతే పని జరగదు. ఎక్కడ పెట్టారో చెప్పకపోతే పోలీస్ కంట్రోల్ రూమ్‌కు ఫోన్ చేసి అడగండి. అరెస్టయినవాళ్ల పేరు, చిరునామా, కేసు వివరాలు ప్రతి స్టేషన్లోనూ, జిల్లా స్థాయిలోనూ ఏఎస్సైకి తగ్గని అధికారి ఒకరు నమోదు చేసి ఉంచాలని సెక్షన్ 37 చెబుతోంది.

వకీలు తెలిస్తే వెంటనే పిలవండి. డబ్బుల్లేకపోతే 15100కు ఫోన్ చేయండి. అది ఉచిత న్యాయసాయం నంబరు. హనుమకొండలో అయితే అదాలత్ దగ్గరి కోర్టు ప్రాంగణంలోనే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. నర్సంపేట, పరకాల వాళ్లు అక్కడి కోర్టులోనే మండల న్యాయసేవా కమిటీని, జనగామ, మహబూబాబాద్ వాళ్లు అక్కడి జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగొచ్చు. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయం ఎంతున్నా 1987 నాటి న్యాయసేవల చట్టం కింద వకీలును ఉచితంగా ఇవ్వాలి. ఉచిత వకీలు అనగానే మనవాళ్లు మొహం తిప్పుకుంటారు. నిందితుల కేసులు చూడటానికే జిల్లాల్లో లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ పేరుతో వకీళ్లను పెట్టారు. మొదటి రోజే అందే ఉచిత వకీలు, నాలుగో రోజు అప్పు చేసి తెచ్చుకునే పెద్ద వకీలు కన్నా మేలు.

తర్వాత ఒక చిన్న అర్జీ రాయండి. పెద్ద భాష అక్కర్లేదు. "ఫలానా తేదీ రాత్రి 11.10కి మా ఇంటి నుంచి నా తమ్ముణ్ణి ఫలానా స్టేషన్ సిబ్బంది ఇద్దరు తీసుకెళ్లారు. బండి నంబరు ఇది. ఇప్పటిదాకా అరెస్టు మెమో ఇవ్వలేదు, ఎక్కడున్నాడో చెప్పలేదు. తెలియజేయగలరు." ఇంతే. పోలీస్ కమిషనర్ ఆఫీసుకు ఈమెయిల్ చేయండి, తెల్లారగానే రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపండి. మీ తమ్ముడు ఏ టైము నుంచి పోలీసుల దగ్గరున్నాడో చెప్పే మొదటి సాక్ష్యం ఆ ఈమెయిల్ మీద పడ్డ టైమే. 24 గంటలు దాటినా మనిషి జాడ చెప్పకపోతే హైకోర్టులో హెబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందుకు తెమ్మని అడిగే పిటిషన్) వేయడానికి కూడా అదే పునాది.

ఎఫ్ఐఆర్ కాపీ కోసం వెతకండి. సున్నితమైన కేసులు తప్ప మిగతావన్నీ 24 గంటల్లో పోలీస్ వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అందులో సెక్షన్లు చూస్తే బెయిలబులా కాదా తేలిపోతుంది. బెయిలబుల్ అయితే బెయిల్ అడగడం హక్కు, స్టేషన్లోనే ఇవ్వాలి. "ఇంత ఇస్తే వదిలేస్తాం" అని ఎవరైనా మధ్యవర్తి వస్తే ఇవ్వకండి. అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) టోల్‌ఫ్రీ నంబరు 1064.

స్టేషన్ లోపల ఉన్న మనిషికి

ఇది ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచాల్సిన విషయం, ఎందుకంటే అక్కడ చదువుకునే తీరిక ఉండదు. పేరు, చిరునామా నిజం చెప్పండి. నేరం గురించి, మీ మెడకు చుట్టుకునే ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉండే హక్కు 20(3) అధికరణం ఇచ్చింది. "మా వకీలు వచ్చాక చెబుతా సార్" అనడం నేరం కాదు. విచారణ జరుగుతున్నప్పుడు వకీలును కలవొచ్చు, పూర్తిసేపు పక్కన కూర్చోబెట్టకపోయినా. లై డిటెక్టర్, నార్కో పరీక్షలు మీ ఒప్పుకోలు లేకుండా చేయడానికి వీల్లేదని 2010లో సుప్రీంకోర్టు తేల్చింది.

విచారణలో మీరు చెప్పినట్టు పోలీసులు రాసుకునే వాంగ్మూలం మీద మీ సంతకం తీసుకోకూడదని చట్టమే చెబుతోంది. తెల్లకాగితాల మీద అసలే పెట్టొద్దు. పోలీసు ముందు చేసిన ఒప్పుకోలు మీ మీద సాక్ష్యంగా చెల్లదు. కానీ ఇక్కడ చాలామంది పొరపడతారు. మీరు చెప్పినదాన్ని బట్టి ఏదైనా వస్తువు దొరికితే, ఆ వస్తువుకు సంబంధించిన మాట మేరకు చెల్లుతుంది. "ఎలాగూ చెల్లదులే, ఒప్పేసుకుంటే కొట్టకుండా వదిలేస్తారు" అనుకోవడం అందుకే ప్రమాదం.

అరెస్టు తర్వాత ప్రభుత్వ డాక్టరుతో పరీక్ష చేయించాలి. మన దగ్గర ఎక్కువగా ఎంజీఎం ఆసుపత్రికి తీసుకెళ్తారు. పక్కన కానిస్టేబుల్ నిలబడి ఉన్నా సరే, దెబ్బలు ఉంటే డాక్టరుకు చూపించండి, ఎప్పుడు తగిలాయో చెప్పండి, రాయమని అడగండి. ఆ రిపోర్టు కాపీ మీకు గానీ మీరు చెప్పినవాళ్లకు గానీ ఇవ్వాలి. స్టేషన్లలో, లాకప్‌లతో సహా, సీసీ కెమెరాలు ఉండాలని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించింది. రికార్డింగు కనీసం ఏడాది ఉంచాలంది. అయినా ఆగకుండా, ఆ తేదీ ఆ గంటల ఫుటేజీ భద్రపరచాలని వకీలుతో మొదటి వాయిదాలోనే పిటిషన్ వేయించండి.

మేజిస్ట్రేట్ ముందు రెండు నిమిషాలు

ప్రయాణ సమయం తీసేసి 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. ఆదివారమైనా, పండుగైనా మినహాయింపు లేదు. సెలవుల్లో మేజిస్ట్రేట్ ఇంటికి తీసుకెళ్తారు. ఇంట్లోవాళ్లు అక్కడికి వకీలుతో చేరుకునేలా, ఏ కోర్టు, ఎన్ని గంటలకు అని స్టేషన్లో గంటగంటకూ అడుగుతూ ఉండండి.

లోపల జరిగేది చాలా త్వరగా అయిపోతుంది. ఎస్కార్టు కానిస్టేబుళ్లు పక్కన నిలబడి ఉంటారు, కాగితాలు బల్ల మీదికి వెళ్తాయి, మేజిస్ట్రేట్ తలెత్తి "పోలీసుల మీద ఏమైనా ఫిర్యాదు ఉందా, కొట్టారా?" అని అడుగుతారు. ఆ క్షణంలో దారిలో వాళ్లు చెప్పిన మాటలు గుర్తొచ్చి, "ఏం లేదు సార్" అని తలూపేవాళ్లే ఎక్కువ. ఆ ఒక్క మాట రికార్డయ్యాక, ఆర్నెల్ల తర్వాత కొట్టారంటే ఎవరూ నమ్మరు. అప్పుడే చెప్పండి. కొడితే కొట్టారని, ఎప్పుడు తీసుకెళ్లారో, వకీలు లేకపోతే లేడని, కారణాల కాగితం ఇవ్వకపోతే ఇవ్వలేదని. అడగకపోయినా "సార్, ఒక్క మాట" అని చెప్పండి. తెలుగు సరిగా రాకపోతే మీ భాషలోనే చెప్పండి, అనువాదకుణ్ణి అడగండి. రిమాండ్ అనేది ముద్ర కొట్టే పని కాదు, అరెస్టు సరిగా జరిగిందో లేదో చూడటం మేజిస్ట్రేట్ బాధ్యత. వకీలు లేని మనిషికి న్యాయసేవాధికార సంస్థ నుంచి వకీలును పెట్టించేదీ అక్కడే.

జైలుకు పంపాక

1886లో కట్టిన వరంగల్ సెంట్రల్ జైలును 2021లో ఆసుపత్రి కోసం కూల్చేశారు. అప్పటినుంచి మనవాళ్లను ఖమ్మం, పరకాల వంటి చోట్లకు పంపుతున్నారు. రిమాండ్ రోజే ఏ జైలో కనుక్కొని, ములాఖత్‌కు ఎవరెవరు వస్తారో పేర్లు మనిషికి చెప్పి పంపండి. దూరం పెరిగిన కొద్దీ వకీలును కలవడం తగ్గుతుంది, అందుకని వకీలుకు కేసు అప్పగించే వకాలత్ మీద సంతకం కోర్టులోనే చేయించేయండి.

బెయిల్ వచ్చాక కూడా జమానతుదార్లు (పూచీ ఉండేవాళ్లు) దొరక్క లోపలే ఉండిపోయేవాళ్లు చాలామంది. ఇంటి పన్ను రసీదు, పట్టాదారు పాస్‌బుక్ లేదా జీతం సర్టిఫికెట్, ఆధార్, ఫోటోలు, ఇవన్నీ ఇద్దరివి బెయిల్ పిటిషన్ వేసిన రోజే సిద్ధం చేసుకోండి. మొత్తం మీ శక్తికి మించితే తగ్గించమని అడగొచ్చు. పేదవాడి మీద మోయలేని పూచీకత్తు పెట్టకూడదని 1978లోనే మోతీరామ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బెయిలబుల్ కేసులో వారంలోగా జమానతు పెట్టలేని మనిషిని పేదవాడిగా భావించి సొంత బాండు మీద వదలాలి. బెయిల్ ఆర్డరు వచ్చి వారమైనా బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంట్ న్యాయసేవాధికార సంస్థకు తెలియజేయాలని, నెలలోగా పూచీకత్తు కట్టలేకపోతే కోర్టు తనంతట తానే షరతులు సడలించే విషయం చూడొచ్చని 2023 జనవరిలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది.

విచారణ సాగుతూనే ఉంటే సెక్షన్ 479 ఉంది. మరణశిక్షో యావజ్జీవమో పడే కేసు కాకపోతే, గరిష్ఠ శిక్షలో సగం కాలం జైల్లో గడిపినవాళ్లకు బెయిల్ దొరుకుతుంది. ఇంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివాళ్లకు మూడో వంతు చాలు. ఒకటి కన్నా ఎక్కువ కేసులు నడుస్తుంటే ఇది వర్తించదు.

ఇంకా దగ్గరి దారి, పోలీసులు కోర్టులో ఛార్జ్‌షీట్ (అభియోగపత్రం) వేయాల్సిన గడువు. పదేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాలకు 90 రోజులు, మిగతావాటికి 60 రోజులు. 20 కిలోలు దాటిన గంజాయి కేసుల్లో 180 రోజులు. రిమాండ్ చేసిన రోజును కూడా లెక్కలో కలుపుకోవాలి. గడువులోగా ఛార్జ్‌షీట్ పడకపోతే నేరం ఎంత పెద్దదైనా బెయిల్ హక్కే. అయితే అడిగితేనే వస్తుంది, మీరు అడిగేలోపు ఛార్జ్‌షీట్ వేసేస్తే పోతుంది. క్యాలెండరు మీద గడువు తేదీకి చుట్టు గీసుకొని, గడువు దాటిన మర్నాడు (60 రోజులైతే 61వ రోజు) పొద్దున కోర్టు తెరిచేసరికి పిటిషన్, ఇద్దరు జమానతుదార్ల కాగితాలు వకీలు చేతిలో ఉండేలా చూసుకోండి.